డ్రోన్ వీడియోలకు ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. వయసు 17. మా బావమరిది దుబాయ్ నుంచి చిన్న డ్రోన్ తెచ్చి ఇచ్చినప్పటి నుంచి వాడికి చదువు మీద ధ్యాస లేదు. ఆ ఫొటోలు, వీడియోలు ఎడిట్ చేయడమే వృత్తిగా పెట్టుకుంటానంటున్నాడు. ఒక శిక్షణ సంస్థవాళ్లు 60 వేలు కడితే కోర్సు నేర్పి ఉద్యోగం కూడా చూపిస్తామన్నారు. 5 వేలు అడ్వాన్సు కట్టాం. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? ప్రీమియర్ కొనాలా, ఉచితంగా దొరికేవి సరిపోతాయా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: ముందు సాఫ్ట్‌వేర్ సంగతి తేల్చేద్దాం, అందులో పెద్ద చిక్కు లేదు. వీడియోలకు డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్, ఫొటోలకు డార్క్‌టేబుల్. రెంటికీ పైసా కట్టనక్కర్లేదు. రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఎడిట్ చేసిన వీడియోను అల్ట్రా హెచ్‌డీ (4కే) నాణ్యత వరకు, సెకనుకు 60 ఫ్రేముల వరకు తయారుచేసి ఇస్తుంది, దాని మీద తన ముద్ర (వాటర్‌మార్క్) వేయదు. చీకట్లో తీసిన వీడియోలో మచ్చల్లా కనిపించే నాయిస్‌ను తగ్గించే సాధనం మాత్రం డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంటుంది. కొత్తలో దాని అవసరం రాదు. ప్రీమియర్, ఫొటోల కోసం వాడే లైట్‌రూమ్ చందా మీద నడుస్తాయి. చాలా స్టూడియోల్లో ప్రీమియరే వాడతారన్న మాట నిజమే. కానీ కటింగ్, రంగు, శబ్దం ఒక దాంట్లో పట్టుబడినవాడికి రెండోదానికి మారడం పెద్ద పని కాదు. నేర్చుకునే దశలో నెలనెలా చందా ఎందుకు?

ఇంట్లో కంప్యూటర్ ఎలాంటిదో మీరు రాయలేదు. నిజానికి అడగాల్సింది దాని గురించే. డ్రోన్లు వీడియోను చాలా గట్టిగా కుదించి దాస్తాయి. ఫైలు చిన్నగానే కనిపిస్తుంది, దాన్ని విప్పి చూపించడానికి కంప్యూటర్ ఆయాసపడుతుంది. 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్‌లో రిజాల్వ్ అడుగడుగునా ఆగుతుంది. పిల్లలు అది సాఫ్ట్‌వేర్ లోపమనుకొని ఇంకోటి కొనమంటారు. దీనికి మందు ప్రాక్సీ: అసలు వీడియోకు తక్కువ నాణ్యతతో తేలికపాటి నకలు తయారుచేసుకొని దాని మీద పని చేయడం. చివర్లో సాఫ్ట్‌వేరే అసలు ఫైలు నుంచి వీడియో తీసి ఇస్తుంది. అప్పటికీ కదలకపోతే షాట్‌కట్ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోమనండి, పాత యంత్రాల మీద తేలిగ్గా నడుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ మాట ఇప్పుడు ఎత్తకండి.

అబ్బాయి దగ్గర ఇప్పటికే ఉన్న వీడియోలతోనే మొదలుపెట్టమనండి. మన ఊళ్లో సముద్రం మంచి పరీక్ష పెడుతుంది. కైలాసగిరి మీద నుంచి తీసిన ఏ ఫొటోలోనైనా నీటి గీత ఒక్క డిగ్రీ వంగినా కంటికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. లెన్స్ వల్ల ఆ గీత విల్లులా కనిపిస్తే డార్క్‌టేబుల్‌లో లెన్స్ దిద్దుబాటు ఉంది. తీరం దగ్గరి తేమకు దూరంగా ఉన్నదంతా తెల్లగా, పేలవంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు వెంటనే రంగులు పెంచేసి సముద్రాన్ని నీలిమందు బకెట్ చేస్తారు. ముందు నలుపు, తెలుపు పాళ్లు సరిచేసి, ఆ తర్వాతే రంగు జోలికి వెళ్లాలి. ఇక వీడియో అంటారా, డ్రోన్ పైకి లేచే షాట్ 30 సెకన్లు ఉంటే అందులో నాలుగైదు సెకన్లకు మించి పనికిరాదు. తాను కష్టపడి తీసిందాన్ని తానే కోసి పారేయగలిగితే అబ్బాయికి ఎడిటింగ్ వస్తున్నట్టు.

ఇక మీ అసలు బాధ. అది మీ చివరి ప్రశ్నల్లో లేదు, ‘చదువు మీద ధ్యాస లేదు’ అన్న మాటలో ఉంది. ఇంటర్ ఫలితాలు వచ్చాక ఏటా ఈ ఉత్తరం నాకు వస్తూనే ఉంటుంది. ఒకప్పుడు యానిమేషన్ పేరుతో వచ్చేది, తర్వాత గేమింగ్, ఇప్పుడు డ్రోన్. మీరు కోపగించుకున్నా సరే, ఒక మాట అడుగుతాను. డ్రోన్ చేతికిచ్చింది ఇంటి పెద్దలు, అడ్వాన్సు కట్టింది మీరు, మరి ధ్యాస లేదన్న నింద పిల్లవాడికా? ‘ఉద్యోగం చూపిస్తాం’ అన్నవాళ్లను ఏ ఉద్యోగం, ఎక్కడ, ఎంత జీతం అని ఒక్కసారైనా అడిగారా? అబ్బాయి చేసిన వీడియో ఒక్కటైనా కూర్చుని చివరిదాకా చూశారా? మీ ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్క లేదు.

ఈ దారి మీద నాకున్న అనుమానాలు కూడా దాచను. డ్రోన్ వీడియోకు ఎక్కువ గిరాకీ పెళ్లిళ్లలో. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మౌఢ్యం వస్తే ఉండవు. ఉన్న నెలల్లో స్టూడియో యజమానికి సొంత డ్రోన్ ఉంటుంది, ఎగరేసే కుర్రాడూ ఉంటాడు. కేవలం డ్రోన్ వీడియోలు ఎడిట్ చేయడానికే జీతం ఇచ్చి మనిషిని పెట్టుకునే చోట్లు చాలా తక్కువ. ఎడిటర్ అన్నాక పెళ్లి, ప్రకటన, ఇంటర్వ్యూ అన్నీ చేయాలి. అందులో డ్రోన్ షాట్లు ఓ పిడికెడు.

దానికి తోడు మనం ఉన్నది విశాఖలో. తూర్పు నౌకాదళం, దాని విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా, పోర్టు, ఉక్కు కర్మాగారం, అన్నీ మీ గాజువాక చుట్టుపక్కలే. 2021 డ్రోన్ నియమాల ప్రకారం రెడ్ జోన్‌లో, అంటే డ్రోన్లకు నిషిద్ధమైన ప్రాంతంలో, కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నది నిజమే, కానీ ఆ మినహాయింపు రెడ్ జోన్‌కు పనికిరాదు. మేడ మీద నుంచే కదా అని ఊరుకోకండి, ఈ జోన్లను చూపించే ప్రభుత్వ పటం డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఇల్లు ఏ జోన్‌లో ఉందో ఇవాళే చూడండి. అంతకన్నా పెద్ద డ్రోన్‌తో డబ్బుకు పని చేయాలంటే సర్టిఫికెట్ కావాలి, దానికి 18 ఏళ్లు నిండాలి. మరో సంగతి, 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది. మీ బావమరిది ఎలా తెచ్చారో నేనడగను, మీరు మాత్రం అడిగి తెలుసుకోండి.

ఇంత చెప్పాక పిల్లవాడి ఆసక్తిని తుంచేయమంటున్నానని అనుకోకండి. డ్రోన్ ఫొటోలకు స్థిరమైన పని సర్వేలో ఉంది. పల్లెల్లో ఇళ్ల స్థలాలు కొలిచే స్వామిత్వ పథకం 2020లో మొదలైంది, మన రాష్ట్రంలో భూముల రీసర్వేకూ డ్రోన్లు వాడారు. ఒకదాని మీద ఒకటి 70, 80 శాతం కలిసేలా వందలాది ఫొటోలు తీసి, వాటిని కుట్టి కొలతలకు పనికొచ్చే పటం చేస్తారు. అందుకు వెబ్ఓడీఎం, ఆ పటం మీద పని చేయడానికి క్యూజీఐఎస్, రెండూ ఉచితమే. ఎంపీసీ చదివిన పిల్లవాడికి త్రికోణమితి ఎందుకో అక్కడ అర్థమవుతుంది. సివిల్ ఇంజనీరింగ్, జియాలజీ, జియో ఇన్ఫర్మాటిక్స్, ఏ వైపు వెళ్లినా ఈ పని అక్కరకొస్తుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో జియో ఇంజనీరింగ్ విభాగమే ఉంది, ఒకసారి తీసుకెళ్లి చూపించండి. ప్రవేశ పరీక్షల వివరాలు మీకు నాకంటే బాగా కంఠతా వచ్చి ఉంటాయి.

17 ఏళ్లవాడు రెండు నెలలు వీడియోలు కోసుకుంటూ కూర్చుంటే జీవితం పాడైపోదు. డిగ్రీలో చేరనివ్వండి, సాయంత్రాలు ఎడిటింగ్ చేసుకోనివ్వండి. డిగ్రీ వద్దు, ఇదొక్కటే చేస్తానంటే అప్పుడు మళ్లీ రాయండి, ఈసారి ఉత్తరం అబ్బాయి చేతే రాయించండి.

ఆ 60 వేలలో మిగతాది కట్టకండి. సంస్థకు వెళ్లి ఇప్పటిదాకా ఉద్యోగాలు వచ్చిన విద్యార్థులతో మాట్లాడించమని అడగండి, ఉద్యోగం హామీని కాగితం మీద రాసిమ్మనండి. తప్పించుకుంటే రసీదు చూపించి అడ్వాన్సు వెనక్కి అడగండి. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.