అడగండి, చెబుతాం: కాళ్లు ముందా, మెడ ముందా?

ప్రశ్న: నేను రాస్తున్న కథలో నడుము పైన మనిషి, కింద గుర్రంగా ఉండే జాతి ఉంది. వాళ్ల బిడ్డ పుట్టగానే నడుస్తుందా? పాలెలా తాగుతుంది?

జవాబు: పశువైద్యుడిగా గుర్రాల కాన్పులు చాలానే చూశాను గానీ, ఇలాంటి కాన్పుకు నన్నెవరూ పిలవలేదండీ! గుర్రప్పిల్ల గంటా రెండు గంటల్లో లేచి నిలబడుతుంది. మనిషి బిడ్డకు మెడ నిలవడానికే 3, 4 నెలలు కావాలి. మీకు చిక్కంతా ఇక్కడే. కాళ్లేమో పరుగంటాయి, తలేమో వాలిపోతుంది. ఆ మెడకు గుడ్డతో ఏదో ఒక ఆసరా కట్టించండి.

ముర్రుపాలు మాత్రం ఆలస్యం చేయొద్దు. మనిషి బిడ్డకు కడుపులోనే రోగాలను ఎదుర్కొనే యాంటీబాడీలు కొన్ని అందుతాయి. గుర్రప్పిల్లకు గర్భంలోని మాయ (ప్లాసెంటా) ద్వారా దాదాపు అందవు, తొలి గంటల్లో తాగే ఆ పాలే దిక్కు. తల్లి రొమ్ము పైన ఉంటుంది కాబట్టి ఆమె పడుకునే పాలివ్వాలి.

ఇంకోటి, పుట్టిన పిల్ల గిట్టలకు మెత్తటి వేళ్లలాంటి తొడుగు ఉంటుంది, తల్లి గర్భం చీరుకుపోకుండా. మొదటిసారి చూసినప్పుడు పిల్లకేదో లోపమని తెగ టెన్షన్ పడ్డాను! నడిచే కొద్దీ అదే అరిగిపోతుంది.

కాన్పయ్యాక 3 గంటల్లో మాయ పడకపోతే మాత్రం, కథలోకి వైద్యుణ్ణి పిలిపించండి.