చనిపోయిన బాబును క్లోనింగ్‌తో మళ్లీ కనవచ్చా?

ప్రశ్న: మా పదకొండేళ్ల బాబు జబ్బు చేసి చనిపోయాడు. పరీక్ష కోసం తీసిన చర్మం ముక్క ఇంకా ల్యాబ్‌లో ఉంది. దాన్ని భద్రపరచి, క్లోనింగ్‌తో బాబును మళ్లీ పుట్టిస్తామని ఒక విదేశీ కంపెనీ అడ్వాన్స్ అడుగుతోంది, అగ్రిమెంట్ కూడా పంపింది. కణాలు మా బాబువి, మేం కన్నవాళ్లం. చట్టానికి అభ్యంతరం ఏమిటి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు డబ్బు కట్టకండి, సంతకమూ పెట్టకండి.

క్లోనింగ్‌తో, అంటే ఒకరి కణం నుంచి అవే జన్యువులతో, మనిషిని పుట్టించడం చాలా దేశాల్లో నేరం. ఫ్రాన్స్‌లో 2004 నాటి చట్టం దీనికి 30 ఏళ్ల జైలు శిక్ష పెట్టింది. 1997లో యునెస్కో, 2005లో ఐక్యరాజ్యసమితి కూడా వద్దనే చెప్పాయి. కాకపోతే ఆ ప్రకటనలు పాటించి తీరాలన్న నిర్బంధం దేశాలకు లేదు. స్పష్టమైన చట్టం లేని చోటు చూసుకుని ఆఫీసు తెరిచేవాళ్లు ఉంటారు.

ఇక మీ అసలు ప్రశ్న. కణాలపై మీ హక్కును కాసేపు ఒప్పుకుందాం. కానీ పుట్టేది ఇంకో మనిషి. జన్యువుల లెక్కన మీ బాబుకు ఆలస్యంగా పుట్టిన కవల అవుతాడు, అంతే. 2001లో అమెరికాలో క్లోనింగ్‌తో పుట్టిన మొదటి పిల్లికి, దానికి కణం ఇచ్చిన పిల్లి రంగులే రాలేదు! బొచ్చు రంగే రాకపోతే మీ బాబు నవ్వు, అలక ఎక్కణ్నుంచి వస్తాయి? పైగా ఆ పిల్లాడు పుట్టకముందే అన్నలా ఉండాలన్న బరువు వాడి నెత్తిన పెడుతున్నాం. వాడి తరఫున ఎవరు ఒప్పుకుంటారు? నా దృష్టిలో ఈ నిషేధానికి అతి బలమైన కారణం ఇదే.

ప్రాణాపాయం సంగతి వేరే చెప్పాలి. క్లోనింగ్‌తో పుట్టిన డాలీ అనే గొర్రెపిల్ల కోసం 277 పిండాలు తయారుచేస్తే 29 మాత్రమే గొర్రెల గర్భంలో పెట్టగలిగారు, బతికి పుట్టింది ఒక్కటి. ఆ ప్రయోగం మనుషులపై చేస్తే పోయే గర్భాలకు, లోపాలతో పుట్టే బిడ్డలకు జవాబుదారీ ఎవరు?

మీరు పంపిన అగ్రిమెంట్ చదివాను. ‘ఫలితానికి హామీ లేదు, చెల్లించిన సొమ్ము వాపసు ఉండదు, వివాదాలు కంపెనీ ఉన్న దేశంలోనే’ అని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. అసలు ఉద్దేశమే చట్టవిరుద్ధమైన ఒప్పందాన్ని కోర్టులు సాధారణంగా అమలు చేయవు. వాళ్లు చేతులెత్తేస్తే మీ డబ్బు రాబట్టుకోవడమూ కష్టమే.

ల్యాబ్‌కు మాత్రం వెంటనే ఉత్తరం రాయండి: మీ ఇద్దరి రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ముక్కను ఎవరికీ ఇవ్వొద్దని, పారేయొద్దని. బాబుకు వచ్చింది వంశపారంపర్య జబ్బేమో తేల్చడానికి అది పనికిరావచ్చు. మళ్లీ బిడ్డ కావాలనుకుంటే ముందుగా జన్యు వైద్య నిపుణుణ్ని కలవండి. దానికి ఏ చట్టమూ అడ్డు రాదు.