ఆసులు చేతిలో ఉన్నప్పుడు: గోవా వెళ్తున్న అమ్ములుకు పెదనాన్న ఉత్తరం

చిక్కడపల్లి, హైదరాబాదు.

చి. అమ్ములుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు గోవాలో పోకర్ టోర్నమెంటు ఆడబోతున్నావనీ, ఆఫీసులో సెలవు కూడా పెట్టేశావనీ మీ నాన్న ఫోనులో చెప్పి, "దానికి ముక్కలు పట్టుకోవడం నేర్పింది నువ్వే కనుక మాన్పించాల్సిందీ నువ్వే" అని భారం నా మీదికి తోశాడు. మాన్పించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. దీపావళి రాత్రి పేకాట దగ్గరికి ఆడపిల్లలు టీ గ్లాసులు పట్టుకొని తప్ప రాకూడదన్న ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి, నువ్వు బల్ల ముందు కూర్చుంటున్నావంటే నాకు గర్వంగానే ఉంది. గుబులు కూడా అంతే ఉంది.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తాను. ప్రవేశ రుసుము, దారి ఖర్చులు ఒక కవరులో విడిగా పెట్టుకో, అది అయిపోతే ఏటీఎం వైపు చూడకు. అక్కడ ఊరికే పోసే మందు ముట్టుకోకు. కడుపునిండా తిని, నిద్రపోయి వెళ్లు. సాధన పేరుతో ఫోనులో డబ్బు పెట్టి ఆడకు. మన తెలంగాణలో 2017లోనే, దేశమంతటా 2025 చట్టంతో అలాంటి ఆటలు నిషేధమయ్యాయి. చట్టం మాట అటుంచినా, లోన్ యాప్ వాళ్ల ఫోన్లు ఒకసారి ఇంటికి రావడం మొదలైతే మీ అమ్మ తట్టుకోలేదు.

చెత్త ముక్కలతో నువ్వు నష్టపోతావన్న భయం నాకు లేదు. వాటిని పడేయడం నీకు చిన్నప్పుడే వచ్చు. రమ్మీలో లైఫ్, అంటే జోకర్ లేని వరస, పడే ఆశ లేదని చూడగానే మొదటి చేతిలోనే డ్రాప్ చెప్పి 20 పాయింట్లతో బయటపడేదానివి. మీ నాన్న మాత్రం ఇంకో ముక్క, ఇంకో ముక్క అంటూ 80 కౌంటు మోసేవాడు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో, 1968 నాటి తీర్పుగా అందరూ చెప్పుకునే దానిలో, సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అన్నదంటే, పడిన ముక్కలను గుర్తుంచుకోవడంలోనూ, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవడంలోనూ ఉన్న నేర్పును చూసే అన్నది. అయితే రమ్మీలో మనం డ్రాప్ చెప్పేది చేయి బాగాలేనప్పుడు. పోకర్ అడిగేది అంతకంటే కఠినమైన పని: చేయి బాగున్నప్పుడు, అందులోకి డబ్బు వెళ్లిపోయాక, అందరూ చూస్తుండగా పడేయమంటుంది. నా భయమంతా అక్కడే ఉంది.

కొన్నేళ్ల క్రితం నారాయణగూడ మిత్రులం కలిసి గోవా వెళ్లి, పణజీ దగ్గర మాండవి నదిలో నిలిపిన ఒక కాసినో ఓడ ఎక్కాం. మాలో ఒకడు రమ్మీలో ఆరితేరినవాడు. ఎదుటివాళ్లు పారేసిన ముక్కలన్నీ వరసగా అప్పజెప్పగలడు. ఆ రాత్రి పోకర్‌లో ఒక్కొక్కరికి రహస్యంగా పంచే రెండు ముక్కలుగా అతనికి ఇస్పేటు ఆసు, ఆఠీను ఆసు వచ్చాయి. సగటున 221 ఆటలకు ఒకసారి వచ్చే చేయి అది. అతను రైజ్ చేసి పందెం పెంచితే, పొట్టిచేతుల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన మాత్రం కాల్ చేశాడు, అంటే అంతే వేసి ఆటలో నిలిచాడు. మేం కూర్చున్నప్పటి నుంచి ఆయన ఒక్కసారి కూడా రైజ్ చేయలేదు; నచ్చితే కాల్ చేయడం, నచ్చకపోతే ముక్కలు ముందుకు తోసేసి మంచినీళ్లు తాగడం, అంతే ఆయన ఆట.

ఫ్లాప్‌లో, అంటే అందరికీ కలిపి బల్ల మీద పరిచే మొదటి మూడు ముక్కల్లో, డైమన్ రాణి, కళావరు ఎనిమిది, డైమన్ మూడు పడ్డాయి. మనవాడు పందెం వేశాడు, ఆయన కాల్ చేశాడు. నాలుగో ముక్కగా, టర్న్‌లో, ఇస్పేటు ఐదు. పందేలన్నీ పోగయ్యే పాట్‌లో 6,000 ఉండగా మనవాడు 4,000 వేస్తే, ఆయన గ్లాసు పక్కన పెట్టి 12,000 చేశాడు. ఆ గ్లాసు పక్కన పెట్టడం నేను చూశాను, మా మిత్రుడు చూడలేదు. అతను తన రెండు ముక్కల మూలలను బొటనవేలితో ఎత్తి చూసుకుంటున్నాడు, ఈలోగా అవి ఇంకేమైనా అయిపోతాయేమో అన్నట్టు. మిగతా 8,000 వేసి కాల్ చేశాడు. ఆఖరిదైన ఐదో ముక్కగా, రివర్‌లో, ఆఠీను రాజు పడింది, దానితో ఎవరికీ ఒరిగిందేమీ లేదు. పెద్దాయన తన ముందున్న 20,000 చిప్పులన్నీ మాట్లాడకుండా ముందుకు నెట్టాడు. మావాడు మళ్లీ మూలలు ఎత్తి చూసుకుని, నా వైపు తిరిగి, "ఇంత పెట్టాక ఎలా వదలను, ఆసులు కదా" అన్నాడు. పెద్దాయన రెండు ఎనిమిదులు తిప్పి చూపించాడు; బల్ల మీది దానితో కలిపి మూడు, జతను కొట్టే చేయి.

తన అదృష్టం బాగాలేదని ఆ మిత్రుడు ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఫ్లాప్‌లో మూడో ఎనిమిది పడడం దురదృష్టమే, కాదనను. టర్న్‌లో ఆయన రైజ్ చేశాక పోయిన 28,000కీ అదృష్టానికీ సంబంధం లేదు. టర్న్‌లో ఆయన రైజ్ చేసే వేళకు అతన్ని గట్టెక్కించగలిగింది ఇంకో ఆసు ఒక్కటే, మిగిలిన 44 ముక్కల్లో అవి రెండున్నాయి. అది అతనికి తెలిసే అవకాశం లేదు, నిజమే. తెలుసుకోదగ్గది మాత్రం ఎదురుగానే ఉంది.

లెక్క నీకు నాకంటే బాగా వచ్చు, అయినా చెప్పనీ. రివర్‌లో 50,000 కోసం 20,000 వేయాలి, అంటే ఏడుసార్లలో రెండుసార్లు మన చేయి గెలిస్తే చాలు. ఆ బల్ల మీద ఆసుల జతను కొట్టే చేతులేవి? రాణుల జతో రాజుల జతో ఉన్నవాడు మొదట్లోనే ఎదురు రైజ్ చేసి ఉండేవాడనీ, ఐదుల జత ఉన్నవాడు ఫ్లాప్‌లోనే వదిలేసి ఉండేవాడనీ, రెండు జతల చేతులు లేవనీ అనుకుంటే, ఎనిమిదుల జత మూడు రకాలుగా రావచ్చు, మూడుల జత ఇంకో మూడు రకాలుగా, మొత్తం ఆరు. ఆ ఆరింటికి ఎదురుగా, ఐదు డైమన్లు కలిసే ఫ్లష్ కుదరక ఉత్త చేతితో బెదిరించే కలయికలు కనీసం మూడున్నా కాల్ చేయడం సరైనదే అవుతుంది. కాగితం మీద మూడు దొరకడం చాలా సులభం, డైమన్ ఆసు కూడా మనవాడి చేతిలో లేదాయె, ఎదుటివాడి దగ్గర ఉండవచ్చు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: సాయంత్రం నుంచి ఒక్కసారీ రైజ్ చేయని మనిషి, ఫ్లష్ తప్పిపోయిన చేతితో ఉన్నదంతా నెడతాడా? ఆయన విషయంలో ఆ మూడూ నాకు కనబడలేదు. అదే చోట చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని ప్రతి చేతికీ రైజ్ చేసే కుర్రాడు కూర్చుని ఉంటే, అవే ఆసులతో, అదే పందేనికి నేనే కాల్ చేయమనేవాణ్ణి.

అమ్మా, నీతో నాకున్న పేచీ ఇదే. నువ్వు శాతాలను నమ్ముతావు, నమ్మడం మంచిదే. కానీ ఆ శాతంలోకి ఎవరిని లెక్కేస్తున్నావో చూసుకోవు. ఆశపడ్డ చేతులన్నీ అందులో పడేసి, చివరికి లెక్క ఒప్పుకుందంటావు. ఎవరైనా గట్టిగా రైజ్ చేసినప్పుడు నీ ముక్కలను ఇంకోసారి చూసుకోకు, అవి మారవు. అతను మొదటి నుంచి ఏం చేస్తూ వచ్చాడో వరసగా గుర్తు తెచ్చుకుని, ఏ చేయి పట్టుకున్నవాడు ఇలా ఆడతాడో లోపల పేరు పెట్టి చెప్పుకో. నువ్వు ఓడించగలిగిన చేయి ఒక్కటైనా నిజాయితీగా చెప్పలేకపోతే ముక్కలు పడేసి ఫోల్డ్ చెయ్యి. అంతకుముందు నువ్వు వేసినది పాట్‌ది, నీది కాదు.

ఇంత చెప్పానని బెదిరిపోయి ప్రతి రైజ్‌కీ దణ్ణం పెట్టేస్తావేమోనన్న భయం ఇప్పుడు పట్టుకుంది. అదీ వద్దు. రెండు రాజులు వస్తే మొదట్లోనే, ఎదుటివాడి దగ్గర ఆసులున్నాయేమోనని పారేసే తెలివితేటలు చూపించకు. రాజులు నీ దగ్గర ఉండగా అతనికి ఆసుల జత రావడానికి ఆరు దారులైతే, ఆసు-రాజు రావడానికి ఎనిమిది, రాణుల జత రావడానికి ఇంకో ఆరు. చిప్పులు తక్కువ ఉన్నప్పుడైతే ఆలోచనే అక్కర్లేదు. ఎప్పుడో ఒకరు నువ్వు ఫోల్డ్ చేశాక బ్లఫ్ ముక్కలు తిప్పి చూపించి నవ్వుతారు. నువ్వూ నవ్వు, తర్వాతి చేతిలో కసి తీర్చుకోకు. వాళ్లు చూపించేది నీ చేత ఆ పని చేయించడానికే.

ఒకటి మరిచిపోయాను. ప్రైజులు ఇంకో ఇద్దరు ముగ్గురు బయటికి పోతే మొదలవుతాయన్న దశలో, కాల్ చేయడానికి మామూలు లెక్క సరిపోదు. ఉన్న చిప్పులు రెట్టింపు అయినంత మాత్రాన వాటి విలువ రెట్టింపు కాదు, పోతే మాత్రం మొత్తం పోతుంది. అక్కడ కాస్త ఎక్కువ మొండిగా ఫోల్డ్ చెయ్యి.

నువ్వు బయలుదేరే ముందు ఆదివారం పొద్దున్నే గచ్చిబౌలి నుంచి ఇటు వచ్చెయ్యి. పెద్దమ్మ పెసరట్లు వేస్తానంది. నేను పంచుతాను, నువ్వు ఆడు. నేను రైజ్ చేసిన ప్రతిసారీ నా చేతిలో ఏముందనుకుంటున్నావో పైకి చెప్పాలి. కొత్త పేక ఒకటి కొనుక్కురా. ఇంట్లో ఉన్నదాంట్లో కళావరు రాజు మూల నలిగిపోయింది, వెనక నుంచి చూసినా తెలిసిపోతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న