షూలు, జెర్సీలు పంచేసింది... అడగాలంటే భయంగా ఉంది

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. కబడ్డీ ఆడుతుంది. ఆరు నెలల కిందట మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషన్ చేయించాం. ఈసారి సెలక్షన్లకు వెళ్లలేకపోయింది. రాత్రుళ్లు నిద్రపోవడం లేదు. పోయిన వారం షూలు, జెర్సీలు జూనియర్లకు ఇచ్చేసి ‘ఇక నాకెందుకు నాన్నా’ అంది. మళ్లీ మ్యాట్ ఎక్కితే అన్నీ సర్దుకుంటాయని కోచ్ అంటున్నారు. చనిపోవాలని ఉందా అని అడిగితే లేని ఆలోచన కల్పించినట్టు అవుతుందేమోనని భయం. ఏం చేయాలి?
– ఒక తండ్రి, గుంటూరు

సమాధానం: అడగండి, ఈరోజే. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఉంటే బయటపడుతుంది, చాలామందికి గుండె బరువు కొంత దిగుతుంది. ‘పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?’ అంటే ‘లేవు’ అనే చెబుతారు. పక్కన కూర్చుని ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ?’ అని సూటిగా అడగండి. అవునంటే, ఎలా, ఎప్పుడు అన్నది కూడా అనుకుందేమో తెలుసుకోండి. తిట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు. ‘ఎవరికీ చెప్పను’ అని మాట మాత్రం ఇవ్వకండి.

మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది షూలు పంచేయడం. ప్రాణంగా చూసుకున్న వస్తువులు ఇచ్చేయడం, వీడ్కోలు మాటలు, చాలా రోజుల దిగులు తర్వాత ఉన్నట్టుండి ప్రశాంతంగా మారిపోవడం... వీటిని తేలిగ్గా తీసుకోకూడదు.

ఆటగాళ్ల దగ్గర ఒక చిక్కుంది. మోకాలు వాచి ఉన్నా ‘ఏం లేదు సార్’ అనడం వాళ్లకు అలవాటు. మనసు గురించి అడిగినా అదే జవాబు. పైగా దెబ్బ తగిలితే ఆటతోపాటు స్నేహితులు, దినచర్య, స్పోర్ట్స్ కోటా ఉద్యోగంపై ఆశ ఒక్కసారిగా దూరమవుతాయి. స్విమ్మర్ మైకేల్ ఫెల్ప్స్ 2012 ఒలింపిక్స్ తర్వాత బతకాలనిపించలేదని స్వయంగా చెప్పారు. సాయం తీసుకున్నారు. 2016లో రియోలో 5 స్వర్ణాలు గెలిచారు.

అమ్మాయిని ఒంటరిగా వదలకండి. పొలానికి తెచ్చిన పురుగుమందులు, ఆపరేషన్ తర్వాత మిగిలిన మాత్రలు ఈ పూటే ఇంట్లోంచి తీసేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది, రేపటికి వాయిదా వేయకుండా తీసుకెళ్లండి. ప్రాణాపాయం అనిపిస్తే 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి. కేసు అవుతుందని కొందరు ఆగిపోతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. వాళ్లకు కావలసింది చికిత్స.

కోచ్ గారి సలహాతో నేను ఏకీభవించను. ఈ ఆపరేషన్ అయ్యాక 9 నెలలైనా ఆగమంటాం. తొందరపడి మ్యాట్ ఎక్కితే లిగమెంట్ మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ, అప్పుడు దిగులు రెట్టింపవుతుంది. ఆయన నిజంగా సాయపడాలనుకుంటే జట్టులో పిల్లలను రోజుకొకరిని మీ ఇంటికి పంపమనండి. ‘మందులు వాడితే డోపింగ్‌లో దొరికిపోతాను’ అని అమ్మాయి భయపడొచ్చు. డిప్రెషన్‌కు సాధారణంగా రాసే మందులు నిషేధిత జాబితాలో లేవు. అయినా తను క్రీడాకారిణి అని డాక్టరుకు ముందే చెప్పండి.