అల్ బిరూనీ మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: గజనీ మహమూద్ ఆస్థానంలో ఉన్న అల్ బిరూనీ మన దేశం గురించి రాసిన గ్రంథాన్ని చరిత్రకారులు ప్రామాణికంగా తీసుకుంటారు. దండెత్తినవారి వెంట వచ్చిన పండితుడు ఇక్కడి విద్యలను ఉన్నవి ఉన్నట్లు రాశాడని ఎలా నమ్మడం?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: అడగవలసిన ప్రశ్నే అడిగారు. అయితే అల్ బిరూనీని కేవలం జయించినవారి మనిషిగా చూడటం సరికాదు. ఆయన 973లో ఖ్వారజంలో, అంటే నేటి ఉజ్బెకిస్తాన్ ప్రాంతంలో పుట్టారు. 1017లో మహమూద్ ఆ రాజ్యాన్నీ ఆక్రమించి, అక్కడి పండితులతో పాటు ఆయననూ గజనీకి తరలించాడు. సుమారు 1030లో పూర్తయిన ఆ గ్రంథంలోనే, మహమూద్ ఈ దేశపు సిరిసంపదలను నాశనం చేశాడనీ, హిందువులు ధూళికణాల్లా చెదిరిపోయారనీ, అందుకే వారి శాస్త్రాలు తమ చేతికి అందనంత దూరంగా కాశ్మీరుకూ కాశీకీ తరలిపోయాయనీ ఆయన రాశారు. గజనవీల రాజ్యంలో ఉంటూ ఆ మాట రాయగలిగిన మనిషి సాక్ష్యానికి నేను ఎంతో విలువ ఇస్తాను.

ఇక పద్ధతి సంగతి. ప్రవక్త వచనాలను సేకరించిన పండితులు, ప్రతి వచనానికీ ఎవరి నోట ఎవరు విన్నారో ఆ పేర్ల వరుసను జతచేసి, ఆ వరుసలోని ఒక్కొక్కరి జ్ఞాపకశక్తినీ నిజాయితీనీ విడిగా పరిశీలించేవారు. అటువంటి విద్యాసంప్రదాయం ఉన్న కాలంలో అల్ బిరూనీ తన గ్రంథాన్ని విన్నది కన్నదానితో సమానం కాదన్న మాటతో ప్రారంభించి, మనుషులు అబద్ధపు వార్తలు ఎందుకు చెబుతారో వివరించారు: స్వలాభం కోసం, తనవారిపై అభిమానంతో, పరాయివారిపై ద్వేషంతో, లేదా ఎవరో చెప్పినదాన్ని విచారించకుండా అప్పగించడం వల్ల. తన పుస్తకం ఖండనమండనల కోసం కాదనీ, హిందువులు చెప్పినదాన్ని వారు చెప్పినట్లే పాఠకుల ముందు ఉంచుతాననీ ముందే ప్రకటించారు.

ఆ మాట నిలబెట్టుకోవడానికి నడివయసులో సంస్కృతం నేర్చుకున్నారు. ఒకే వస్తువుకు అన్ని పేర్లు ఉండటం, ఛందస్సు కోసం శ్లోకాల్లో అదనపు పదాలు చేర్చడం, అజాగ్రత్తగా నకలు రాసే లేఖకుల వల్ల పాఠం చెడిపోవడం ఆయనను బాగా ఇబ్బంది పెట్టాయి. ఒక పదాన్ని స్థానికుల నోట విని, ఉచ్చారణ తప్పకూడదని ఎంతో శ్రద్ధగా రాసుకుని, తిరిగి వారికే పలికి వినిపిస్తే, వారు దాన్ని గుర్తుపట్టడానికే తడబడేవారట. తన ఈ కష్టాన్ని ఆయన పాఠకుడి దగ్గర దాచలేదు. పతంజలి యోగ గ్రంథాన్ని అరబ్బీలోకి తెచ్చిన ఆయనే, యూక్లిడ్ గణితాన్ని హిందువుల కోసం శ్లోకాలుగా మార్చే పనిలో ఉన్నానని కూడా రాసుకున్నారు.

లోపాలు లేకపోలేదు. హిందువులు గర్విష్ఠులని జాతి మొత్తానికీ వర్తించేలా రాయడం నాకు సమ్మతం కాదు. పైగా ఆయన చూపించినది ఎక్కువగా సంస్కృతం చదివిన పండితుల లోకం. మన దక్షిణాది అందులో అరుదుగానే కనిపిస్తుంది. కాబట్టి ఖగోళం, గణితం, కాలమానం విషయాల్లో ఆయనపై ఎక్కువగా, సామాన్యుల జీవితం విషయంలో తక్కువగా ఆధారపడటం మంచిది.

ప్రశ్న: ఆయన కొండ ఎక్కి భూమిని కొలిచారన్నది నిజమేనా?
— ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: నిజమే. నేటి పాకిస్తాన్ పంజాబ్‌లో నందన కోట ఉంది. దాని దగ్గర, ఎదురుగా విశాలమైన మైదానం ఉన్న ఒక కొండను ఎంచుకుని, ముందు కింది నుంచి కోణాలు తీసుకుని దాని ఎత్తును లెక్కగట్టారు. తరువాత శిఖరం ఎక్కి, నేల ఆకాశంతో కలిసే గీత సమతల రేఖకు ఎంత దిగువన కనిపిస్తుందో కొలిచారు. అది ఒక డిగ్రీలో 34 నిమిషాలు, అంటే అర డిగ్రీకి కాస్త ఎక్కువ. కొండ ఎత్తు, ఈ కోణం తెలిస్తే త్రికోణమితి ద్వారా భూమి వ్యాసార్ధం వస్తుంది.

అంతకు రెండు వందల ఏళ్ల క్రితం బాగ్దాద్ ఖలీఫా అల్ మామూన్ పంపిన ఖగోళజ్ఞులు ఎడారిలో ఉత్తర దక్షిణాలుగా నడిచి, ఒక డిగ్రీకి ఎంత దూరమో కొలిచారు. అల్ బిరూనీ తన ఫలితాన్ని దానితో పోల్చి చూసుకున్నారు. రెండూ దగ్గరగానే వచ్చాయి. అప్పుడు ఆయన తన అంకెను పక్కనపెట్టి, వారి పరికరాలు మరింత సూక్ష్మమైనవనీ, వారు పడిన శ్రమ తనకంటే ఎక్కువనీ చెప్పి, వారి అంకెనే స్వీకరించారు.