దండ వేయనివ్వని అమ్మ

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మాది శ్రీకాకుళం జిల్లా. మా నాన్నగారు భారత సైన్యం పంపిన శాంతి సేనతో శ్రీలంక వెళ్లి, 1987 అక్టోబరులో జాఫ్నాలో చనిపోయారు. అప్పుడు నాకు మూడేళ్లు, అన్నయ్యకు ఐదు. ముందు టెలిగ్రాం వచ్చింది. కొన్ని నెలలకు ఆయన ఇనుప పెట్టె వచ్చింది. ఆయన్ని మాత్రం తీసుకురాలేదు, అక్కడే దహనం చేశామని ఉత్తరం రాశారు. అమ్మ బొట్టు తీయలేదు, ఆబ్దికం పెట్టనివ్వలేదు. మొన్న అన్నయ్య కొత్త ఇంట్లో నాన్న ఫోటోకు దండ వేస్తే, రాత్రికి రాత్రి తీసేసింది. ఇద్దరికీ మాటల్లేవు. ‘పరాయి దేశం గొడవలో పోయిన మనిషి కోసం ఇన్నేళ్ల పట్టుదలా’ అని బంధువులు దెప్పుతున్నారు. అమ్మకు నచ్చజెప్పేదెలా?

జవాబు: నచ్చజెప్పే ప్రయత్నం మానండమ్మా. ఆయన లేరని మీ అమ్మగారికి తెలియదనుకుంటున్నారా? ఇన్నేళ్లుగా కుటుంబ పింఛను కాగితాల మీద ఆమే కదా సంతకం పెడుతున్నారు! తెలుసు. కానీ చూడలేదు. కట్టె కాలడం చూడలేదు, పిడికెడు అస్థికలు చేతికి రాలేదు. ఇలాంటి దుఃఖం మీద జీవితమంతా పనిచేసిన అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్, వియత్నాం యుద్ధంలో గల్లంతైన పైలట్ల కుటుంబాలను చూసి ఒక మాట తేల్చారు: కడసారి చూపు దక్కని మరణాన్ని మనసు మూసివేయజాలదు. అది మొండితనమూ కాదు, పిచ్చీ కాదు.

తమిళ పులులతో (ఎల్టీటీఈ) పోరు మొదలైన ఆ అక్టోబరు ఎలాంటిదో మీ అన్నయ్యకూ తెలియాలి. 11వ తేదీ అర్ధరాత్రి దాటాక జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన 30 మంది సిక్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లలో ప్రాణాలతో మిగిలింది ఒక్కరే. అమరుల భౌతికకాయాలను ఊరికి చేర్చడం 1999 కార్గిల్ యుద్ధం నుంచే ఆనవాయితీ అయింది. అంతకుముందు చాలామందికి యుద్ధభూమి దగ్గరే అంత్యక్రియలు జరిగేవి. మీ నాన్నగారిని ఎవరో అశ్రద్ధ చేశారని కాదు, ఆ కాలం అలాంటిది.

ఇక బంధువుల మాట. అది నాకు చాలా కష్టం కలిగించింది. శాంతి సేనను అక్కడికి పంపిన ఒప్పందం మీద సంతకాలు చేసింది అప్పటి మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే. మీ నాన్నగారు ఆజ్ఞ అందుకుని ఓడో విమానమో ఎక్కారు, అంతే. దాదాపు 1,200 మంది అలా వెళ్లి తిరిగి రాలేదు. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసు చేరినప్పుడు స్వాగతం పలకడానికి ఆ రాష్ట్ర ముఖ్యమంత్రే వెళ్లలేదు. దేశమే మాట్లాడటానికి మొహమాటపడిన మరణాన్ని మీ అమ్మగారు ఒంటరిగా మోశారు. ఈసారి ఎవరైనా ఆ మాట అంటే, దయచేసి ఊరుకోకండి.

ముందు మీరు అన్నయ్యతో మాట్లాడండి. ఐదేళ్ల పిల్లవాడు తండ్రికి తలకొరివి పెట్టలేకపోయాడు. ఆ దండ అతని తలకొరివి. అమ్మ దాన్ని తీసేసినప్పుడు అతనికి ఎక్కడ తగిలిందో మీరు తప్ప అడిగేవారు లేరు.

తరువాత, అమ్మను ఢిల్లీ తీసుకువెళ్లండి. 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో శ్రీలంకలో మరణించిన జవాన్ల పేర్లు కూడా రాతి పలకల మీద చెక్కి ఉన్నాయి. స్మారకం వెబ్‌సైటులో ఆయన పేరు ముందే వెతికి పెట్టుకోండి, అక్కడికి వెళ్లాక ఆమెను తడుముకోనివ్వకండి. కాగితాల్లో ఏదైనా తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. అక్షరాల మీద ఆమె చెయ్యి వేసేటప్పుడు మీరిద్దరూ కాస్త దూరంగా నిలబడండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఓపిక, డబ్బు ఉంటే కొలంబో పక్కన కోట్టేలోనూ శాంతి సేన స్మారకం ఉంది. ఆ నేల మీద అడుగుపెట్టాలని ఆమె అంటేనే వెళ్లండి.

కర్మకాండ గురించి తొందరపెట్టకండి. శరీరం దక్కనివారికి దర్భలతో, మోదుగ ఆకులతో బొమ్మ చేసి దహనం చేసే విధి మనకు ఉంది. మహాలయ పక్షంలో అమావాస్యకు ముందు వచ్చే చతుర్దశిని ఆయుధాలతో మరణించినవారి కోసమే పెద్దలు ఉంచారు. ఈ సంగతి ఒకసారి చెప్పి వదిలేయండి. ఆమె ఒప్పుకుంటే అన్నయ్య చేస్తాడు. ఒప్పుకోకపోతే ఆ రోజు ఒక దీపం పెట్టండి. బొట్టు ఆమె సొంతం, దాని ఊసు ఎవరూ ఎత్తనవసరం లేదు.

నిద్ర, తిండి దెబ్బతిన్నాయేమో మాత్రం గమనించండి. అలా ఉంటే మానసిక వైద్యుడికి చూపించడానికి ఆలస్యం చేయవద్దు. ఇంకొక్కటి: ఆ ఇనుప పెట్టె ఇంకా ఇంట్లోనే ఉండి ఉంటుంది. ఒక మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని, నాన్న ఎలా నవ్వేవారో అడగండి. మూడేళ్ల పిల్లగా మీకు గుర్తులేనిదంతా ఆమె దగ్గరే ఉంది.