రోజూ వేసుకునే బిళ్లే తలనొప్పికి కారణమా?

ప్రశ్న: నా వయసు 38. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పని చేస్తాను. పెళ్ళికి ముందు నుంచీ నెలకు రెండు మూడుసార్లు ఎడమ కణతలో పోటు, వాంతులు వచ్చేవి. ఏడాదిగా రోజూ నొప్పే. తెల్లవారి లేస్తూనే మొదలవుతోంది. మందుల షాపులో ఇచ్చే బిళ్ల వేసుకుంటేనే పనికి వెళ్ళగలుగుతున్నాను. కళ్ళలో దోషం లేదన్నారు. తలకు స్కానింగ్ తీయించమంటారా?
– ఒక పాఠకురాలు, కాశీబుగ్గ

జవాబు: అమ్మా, మీకు మొదట ఉన్నది పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్ అనిపిస్తోంది. ఏడాదిగా రోజూ వస్తున్నదానికి మాత్రం బిళ్లలనే ముందుగా అనుమానించాలి. తలనొప్పి స్వభావం ఉన్నవారు నెలలో 15 రోజులకు తగ్గకుండా, మూడు నెలలకు పైగా నొప్పి బిళ్లలు వాడితే ఆ మందే నొప్పిని నిలబెడుతుంది; రెండు మూడు మందులు కలిపిన బిళ్లలైతే 10 రోజులే చాలు. రాత్రికి మందు ప్రభావం తగ్గిపోవడం వల్ల చాలామందికి నిద్ర లేస్తూనే నొప్పి మొదలవుతుంది.

స్కానింగ్ కంటే ముందు బీపీ చూపించుకుని, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్ర పరీక్ష చేయించుకోండి. మీరున్నది ఉద్దానం పక్కనే. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఇన్ని కుటుంబాలను పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు అసలు కారణం తేలకపోయినా, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి బిళ్లలు మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గించి హాని చేస్తాయన్నది తేలిన విషయమే. ఆ ప్రాంతంలో ఇవి అడిగినవారికల్లా చీటీ లేకుండా దొరకడం నాకు స్కానింగ్ కంటే పెద్ద బెంగ. బీపీ కొద్దిగా పెరిగినంత మాత్రాన తలనొప్పి రాదు గానీ, కిడ్నీ దెబ్బతిని అది మరీ పెరిగితే రావచ్చు.

చికిత్సలో మొదటి మెట్టు బిళ్ల మానడం. మామూలు నొప్పి బిళ్లలను ఒక్కసారిగా మానవచ్చు. ట్రమడాల్ వంటి నల్లమందు తరహా మందులు కలిసి ఉంటే వైద్యుల పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. మొదటి వారం పది రోజులు నొప్పి ఇంకా పెరుగుతుంది, చాలామంది అక్కడే ఓడిపోయి మళ్ళీ షాపు మెట్లెక్కుతారు. అందుకే మైగ్రేన్ రాకుండా ఆపే అమిట్రిప్టిలిన్, ప్రొప్రనలాల్ వంటి మందులను వైద్యులు మీ ఆరోగ్యాన్నిబట్టి ఎంచి ఇస్తారు. వాటి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది.

హఠాత్తుగా భరించలేని నొప్పి, జ్వరంతో మెడ పట్టేయడం, చూపు మందగించడం, మాట తడబడటం, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పడం ఉంటే మాత్రం అదే పూట ఆసుపత్రికి వెళ్ళాలి. షాపువారు షీటును కత్తిరించి ఇచ్చే ముక్క మీద మందు పేరు ఉండకపోవచ్చు. మీరు వాడుతున్న బిళ్ల పూర్తి పేరు అడిగి రాయించుకుని వైద్యులకు చూపండి.